ఎబినేజర్ మాస్టారి రేసు సైకిలు

“దీని ఖరీదెంతో చూసి చెప్పడానికే వచ్చానండి. నేను చూడ్డం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు,” అన్నారు సలోమి గారు.

హ్యాండిల్ మీద పడబోయిన ధనరాజు గారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కొత్తపేటలో వీరవెంకటరమణ గారి పాత ఇనుము కొట్టు వెనక, రేకుల షెడ్డులో, గోనెసంచి మీద నిలబెట్టి ఉంది ఆ సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి గొట్టాలు, సన్నటి చక్రాలు. పైనుంచి కింది దాకా బూడిదరంగు బురద, ఎండి పెచ్చులు లేచిపోతోంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో దాని హ్యాండిలు మాత్రమే కనబడే ఫొటో చూసిన క్షణం నుంచి నాకు అన్నం సహించడం లేదు. ‘పాత రేసు సైకిలు అమ్మబడును’ అని కింద రాసి ఉంది. అలాంటి సైకిలు మా చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. అది మా నాన్నది.

నాన్న పేరు ఎబినేజర్. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పెద్ద వరద వచ్చిన ఏడాది, వరదొస్తే మునిగిపోయే లంక కాజ్‌వే మీద నుంచి సైకిలుతో సహా గోదాట్లో కొట్టుకుపోయారని కేసు మూసేశారు. నాన్న శవమై దొరికారు. సైకిలు దొరకలేదు. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే కాలు పెట్టకండర్రా అని ఏటా ప్రార్థన తర్వాత అందరికీ చెప్పిన మనిషి, తనే సైకిలు తొక్కుకుంటూ అందులోకి వెళ్ళిపోయాడని ఊరు నవ్వింది. ఇప్పటికీ మా ఊళ్ళో ఎవడైనా తెలిసి తెలిసి తప్పుపని చేస్తే, “ఏరా, ఎబినేజర్ మాస్టారివా?” అంటారు. నాన్న అలా వెళ్ళలేదని నాకు తెలుసు. కానీ నాకు తెలిసినంత మాత్రాన ఊరు ఆ మాట మానదు.

అందుకే సలోమి గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఒకప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళకి దెబ్బతిన్న బళ్ళు చూసిపెట్టే సర్వేయరు. ఇప్పుడు అమలాపురంలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నారు. ముతక నేత చీర, మెడలో తాడు కట్టిన కళ్ళజోడు, భుజాన గుడ్డసంచి. మా పెదనాన్న ఏసుపాదం గారు మమ్మల్నిద్దర్నీ కారులో ఇక్కడ దింపి, అమ్మని కూడా తీసుకొస్తానని వెనక్కి వెళ్ళారు. నాన్న పోయాక అమ్మనీ నన్నూ తన ఇంట్లో పెట్టుకున్నది ఆయనే. నా కాలేజీ చదువూ ఆయన చలవే.

తీరా మేం వచ్చేసరికి ధనరాజు గారు ముందే ఉన్నారు. రాజమండ్రి నుంచి వచ్చారట. పాత గడియారాలూ గ్రామఫోనులూ కొని హైదరాబాదులో అమ్ముతారట. సలోమి గారికీ ఆయనకీ ఇదివరకే పరిచయమని ఇద్దరి నవ్వుల్లోనే తెలిసిపోయింది.

“మేడమ్ గారు ఇంకా లారీలే చూస్తున్నారనుకున్నాను. సైకిళ్ళకి దిగిపోయేరన్నమాట,” అన్నారు ధనరాజు.

“ఆ మండపేట లారీ గొడవ తర్వాత మీరు లారీలు మానేసేరు కదండీ. పోటీ లేక నాకూ విసుగొచ్చింది.”

ధనరాజు గారి నవ్వు కొంచెం సన్నబడింది. సలోమి గారు అది చూడనట్టే కొట్టు యజమాని వైపు తిరిగారు. వీరవెంకటరమణ గారు లావుపాటి మనిషి. షెడ్డులో ఫ్యాను కిందే ఉన్నా తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నారు.

“ఇది మీ చేతికెలా వచ్చిందండి?”

“వల్లో పడిందండి. అంతర్వేది దగ్గర, గోదారి సముద్రంలో కలిసే చోట. బోటోళ్ళు తెచ్చిచ్చేరండి.”

“ఎప్పుడు?”

“పోయిన నెల్లోనండి.”

“మే నెల. మర బోటా, నాటు పడవా?”

“మర బోటేనండి. ఇంత బరువు నాటు పడవోళ్ళు పైకి లాగ్గలరాండి?”

“మే నెలలో మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కదండీ. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేస్తుంది.”

ఆయన తువ్వాలు ఆగిపోయింది. “అయితే నాటు పడవేనేమోనండి.”

“నాటు పడవోళ్ళు లాగలేరని ఇప్పుడే అన్నారు.”

“నాకు ఇనుం సంగతి తెలుసుగానండి, చేపల సంగతి తెలవదండి,” అన్నారాయన దీనంగా.

నాకు నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. ఇంత చిన్న విషయంలో ఆయన అబద్ధం ఎందుకు చెబుతున్నట్టు?

ధనరాజు గారు మధ్యలోకి వచ్చారు. “ఎలా వస్తే మనకెందుకండీ? ఎలా ఉందో చూసుకోవాలి గానీ. మూడేళ్ళు గోదారి నీళ్ళూ ఉప్పునీళ్ళూ తాగిన ఇనుము. పైకి గొట్టంలా కనిపిస్తుంది, లోపలంతా తినేసుంటుంది. తొక్కితే రెండు ముక్కలవుద్ది. గోడకి తగిలించుకునే వాళ్ళెవరైనా ఉంటారేమోనని వచ్చేను. తూకానికైతే ఇప్పుడే పట్టుకుపోతాను.”

“మూడేళ్ళని మీకెవరు చెప్పేరండి?”

“అంటే?”

“ఆయన వల్లో పడిందన్నారు. నీళ్ళలో ఎప్పుడు పడిందో చెప్పలేదు. ఈ అమ్మాయీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.”

“బురద చూస్తే తెలవదాండి?” అన్నారు ధనరాజు. కానీ ఆ మాట అనడానికి ఆయనకి ఒక క్షణం ఎక్కువే పట్టింది.

సలోమి గారు సైకిలు వైపు తిరిగారు. సంచిలోంచి తెల్లటి పాత పంచె ముక్క తీసి నేల మీద పరిచారు. ఒక చిన్న టార్చి, రెండు పానాలు, కొబ్బరి ఈనె ఒకటి దాని మీద పెట్టారు. తర్వాత సైకిలు పైగొట్టం కింద రెండు వేళ్ళు పెట్టి పైకెత్తారు.

సైకిలు లేచింది. పిల్లని చంకలోకి ఎత్తుకున్నట్టు, అంత తేలిగ్గా.

“సుస్మితా, ఇలా రా. నువ్వూ ఎత్తి చూడు.”

ఎత్తాను. చిన్నప్పుడు నాన్న ఇలాగే ఎత్తించేవారు. ‘చూశావా, ఇనుమే, కానీ ఈకలా ఉంది’ అనేవారు.

“మామూలు సైకిలు దీనికి రెట్టింపు బరువుంటుంది. దీని గొట్టాలు రెండు చివర్లా మందంగా, మధ్యలో కాగితమంత పల్చగా లాగుతారు. ఎక్కడ బలం కావాలో అక్కడే ఇనుము ఉంటుంది. లోపల తుప్పు తినేస్తే ఈ పల్చదనం నిలవదు, ధనరాజు గారూ. వేలితో మీటితేనే చెప్పేస్తుంది.” ఆవిడ గోటితో కొట్టారు. టంగుమని ఒక సన్నటి మోత లేచి, కాసేపు ఉండి పోయింది. చర్చి గంట చివరి మోతలా ఉంది.

సైకిల్ని తలకిందులు చేసి, పెడళ్ళ మధ్య ఉండే లావుపాటి గొట్టం అడుగున ఈనెతో బురద గీకారు. అంకెలు బయటపడ్డాయి. పక్కనే మనవి కాని అక్షరాలు.

“రష్యావి,” అన్నాను నెమ్మదిగా. “నాన్న కుర్రతనంలో వైజాగులో రేసులు తొక్కేవారండి. స్టీలు ప్లాంటు కట్టడానికొచ్చిన ఒక రష్యా ఇంజనీరు గారు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఇచ్చేరట. అది తెచ్చిన రోజు నాన్న రాత్రంతా దాని పక్కనే పడుకున్నారని నానమ్మ చెప్పేది.”

“రంగు మొదటిదే. గొట్టాల అతుకుల దగ్గర చేత్తో ఆకురాయి పట్టిన గుర్తులున్నాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీదున్న ముద్ర, హ్యాండిలు మీదున్న ముద్ర ఒకటే. ఒక్క భాగం కూడా మారలేదు. పాత సైకిలు కొనేటప్పుడు మొదట చూడాల్సింది అదే. అన్నీ ఒక్క కాన్పువా, తలో చోట ఏరుకొచ్చినవా అని.” ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. “తర్వాత చూడాల్సింది, ఎక్కడైనా గుద్దుకుందా అని. అమ్మాయ్, కేసులో సాక్షి ఏం చెప్పేరో నీకు గుర్తుందా?”

“పెదనాన్నండి, సాక్షి. కాజ్‌వే అంచు రాయికి ముందు చక్రం టపామని కొట్టుకుని, నాన్న సైకిలుతో సహా తలకిందులుగా నీళ్ళలోకి పోయేరని చెప్పేరు. గట్టు మీద నుంచి కళ్ళారా చూసేరండి.”

“ఊఁ,” అన్నారు సలోమి గారు.

ముందు చక్రం విప్పారు. ఫోర్కు రెండు కాళ్ళ మధ్య నుంచి కన్ను పెట్టి చూశారు. నన్నూ చూడమన్నారు. రెండూ ఒకదాని వెనక ఒకటి, ఒక్కటే అన్నట్టు కలిసిపోయి కనిపించాయి. ఆ తర్వాత హ్యాండిలు మెడ దగ్గర, కింది గొట్టం అడుగుభాగంలో తడి గుడ్డతో మెత్తగా తుడిచారు. బురద కిందనుంచి నీలం వచ్చింది. తెల్లవారక ముందు ఆకాశం ఉండే నీలం. నాకు ఆ రంగు తెలుసు. ఆ రంగు పైగొట్టం మీద కూర్చునే నేను బడికి వెళ్ళేదాన్ని.

“ముందు చక్రం దేనికైనా గట్టిగా గుద్దుకుంటే, ఆ దెబ్బ ఫోర్కులోంచి ఇక్కడికి చేరుతుంది. పల్చటి గొట్టం కాబట్టి ఇక్కడ ఇనుము ముడత పడాలి. ఆ ముడత మీద రంగు చిట్లాలి. వేలితో రాసి చూడండి, ధనరాజు గారూ. మీకూ తెలుసు ఈ సంగతి.”

ధనరాజు గారు వంగి, బొటనవేలు పెట్టి రాశారు. రెండుసార్లు రాశారు.

“ముడత లేదండి,” అన్నారు. ఆయన గొంతులో ఎకసెక్కెం పోయింది.

“చక్రం గుండ్రంగానే ఉంది. దేన్నీ గుద్దుకోలేదు.” ఆవిడ చక్రం ఇరుసు రెండు వేళ్ళతో పట్టుకుని, ఇంకో చేత్తో ఒక్క తోపు తోశారు.

చక్రం తిరిగింది. చప్పుడు లేదు. మేమంతా దాన్నే చూస్తూ నిలబడ్డాం. తిరుగుతూనే ఉంది. వీరవెంకటరమణ గారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఇంతకాలం తూకానికి ఇనుము కొన్న మనిషి, ఇనుము ఇలా కూడా ఉంటుందని అప్పుడే చూస్తున్నట్టున్నారు. అది ఆగేలోపు మా నలుగురికీ ఒకటే సంగతి అర్థమైంది. ఉప్పునీళ్ళలో ఉన్న చక్రం ఇలా తిరగదు.

“ఇంకోటి చూడండి,” అన్నారు సలోమి గారు, అదే నెమ్మదైన గొంతుతో. “వరద బురదైతే చెయ్యి దూరని సందుల్లోకి కూడా వెళ్తుంది. దీనికి చెయ్యి అందే చోటే ఉంది బురద. సీటు అడుగున లేదు. ఇదిగో, ఇక్కడ నాలుగు వేళ్ళ గీతలు.”

తర్వాత ఆవిడ బ్రేకుల దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు. రిమ్ముల పక్కల మీద గోరు ఆనించి జరిపారు.

“మీ నాన్న జాగ్రత్తపరుడమ్మా.”

“మీకెలా తెలుసండి?”

“ఇన్నేళ్ళు తొక్కిన సైకిలు. బ్రేకు రబ్బర్లు రాసుకుని రాసుకుని రిమ్ము పక్కలు పల్లం పడిపోవాలి. ఇవి దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. అంటే ఎదర ఏముందో దూరం నుంచే చూసుకుని, తొక్కడం ఆపేసి, మెల్లగా ఆగే మనిషి. చివరి నిమిషంలో బ్రేకు పట్టే అవసరం ఆయన తెచ్చుకోలేదు.” ఆవిడ నా మొహంలోకి చూశారు. “ఇలాంటి మనిషి పారే నీళ్ళలోకి సైకిలు పోనివ్వడు.”

మూడేళ్ళుగా నేను ఎవరి నోటనైనా వినాలనుకున్న మాట అది. ఒక ఇనుప చక్రం అంచు మీద అది రాసి ఉంటుందని నాకు తట్టనే లేదు. నాన్న తొక్కిన ప్రతి రోజూ ఆ సైకిలు మీద ఉండిపోయింది. చదవగలిగిన మనిషి వచ్చేదాకా అది అలా నిలబడి ఎదురుచూసింది. నాకు ఏడుపు రాలేదు. చర్చిలో అందరూ ఒక్కసారిగా మోకరిల్లినప్పుడు ఒళ్ళు జలదరించినట్టు అయింది.

“అవన్నీ సరేనండి,” అన్నారు ధనరాజు, కొంచెం కూడదీసుకుని. “గట్టు మీద పడేసి ఉండొచ్చు. ఎవడో తీసుకుపోయి ఏ చేపలోళ్ళ పాకలోనో దాచి ఉండొచ్చు. నీళ్ళలో పడలేదంటే పడలేదనే అనుకుందాం. దానివల్ల ఖరీదు పెరుగుద్ది గానీ, ఇంకేం తేల్తుంది?”

“ఎక్కడ దాచేరో తేల్తుందండి.”

ఆవిడ పానా పెట్టి సీటు కింది బోల్టు వదులు చేశారు. సీటు ఊచను రెండు చేతులా పట్టుకుని పైకి లాగారు. నీళ్ళలో ఉన్నదైతే బిగుసుకుపోయి సుత్తి దెబ్బలకి కూడా రాదట. ఇది పేరిన నెయ్యిలోంచి గరిటెలా వచ్చేసింది. నాన్న పూసిన గ్రీజు దాని చుట్టూ ఇంకా మెత్తగానే ఉంది.

సైకిల్ని తలకిందులు చేసి, సీటు గొట్టం నోరు పంచె ముక్క మీదకి వంచి, ఆవిడ అరచేత్తో మెత్తగా తట్టారు.

గోధుమరంగు పొడి రాలింది. మెత్తటి పొడి, అందులో సన్నటి పీచు ముక్కలు, మసి నలకలు. చివర్లో ఒక చిన్న పురుగు. చచ్చిపోయి ఎండిపోయినా నీలంగా మెరుస్తోంది.

ధనరాజు గారు వెంటనే అన్నారు. “చూసేరా? ఈ నీలం పురుగు ఎండుచేపలకి పడుద్ది. నేను చెప్పలేదా, చేపలోళ్ళ పాకేనని.”

“పడుతుందండి. ఎండుచేపలకీ పడుతుంది, ఎండు కొబ్బరికీ పడుతుంది. వాసన చూడండి.”

ఆయన వంగి చూశారు. “నీసు లేదండి,” అన్నారు లేచి.

“ఎండుచేప నీసు ఒకసారి పట్టిన చోటును వదలదు. ఇది కొబ్బరి పీచు పొడి. ఈ నలకలు పొయ్యి మసి. పొయ్యి పొగ తగిలేలా, కొబ్బరికాయ నీళ్ళతో సహా లోపలే ఎండిపోయి కురిడీ అయ్యేలా, ఏడాది పొడుగునా పొడిగా ఉంచే చోటు ఒక్కటే ఉంటుంది ఏ ఇంట్లో అయినా.”

“కురిడీ అటక,” అన్నారు వీరవెంకటరమణ గారు. తనకి తెలియకుండానే అన్నట్టున్నారు.

“ఆయ్. ఇనుముకి తుప్పు పట్టకుండా మూడేళ్ళు దాచాలంటే మన వైపు ఎవరికైనా మొదట తట్టేది అదే. తీరం వాళ్ళకి అటకలుండవు. ఇది తోటలున్న ఇంటివాళ్ళు దాచింది.” ఆవిడ లేచి నిలబడ్డారు. “ఏ ఇంటి అటక విప్పితే వచ్చిందండి ఇది మీకు?”

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

“నాకేం తెలవదండి. పాత పెంకుటిల్లు విప్పుతున్నారండి. పెద్దాయన కాకినాడ వెళ్ళిన రోజున అమ్మగారు అటక మేకులూ, పట్టీలూ, వాటితో ఇదీ వేసేసేరండి. నేను హ్యాండిలొక్కటే ఫొటో తీసి పెట్టేను. మర్నాడు ఆయనొచ్చి, ఎందుకు పెట్టేవని కొట్టినంత పని చేసేరండి. వెనక్కిమ్మన్నారు. అప్పటికే నలుగురూ చూసేసేరు కదండీ. అప్పుడు వల్లో పడిందని చెప్పమన్నారండి. చెరువు బురద బక్కెట్లో తెచ్చి తన చేత్తోనే పూసేరండి.” తువ్వాలు దించారు. “పూస్తా పూస్తా ఏడ్చేరండి. పిల్లకి మసి పూసినట్టు అంత మెల్లగా పూసేరు. అందుకే నాకు భయమేసి ఎవరికీ చెప్పలేదు.”

“పేరు?”

ఆయన నా వైపు చూసి, చూపు దించుకున్నారు.

పేరు చెప్పక్కర్లేదు. మా వెనక పెంకుటింటి అటక విప్పిన రోజు ఇనుము బండివాడికి టీ ఇచ్చింది నేనే. పెదనాన్న ఆ రోజు కాకినాడ వెళ్ళారు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి, అన్నీ వేసుకుపో నాయనా, చోటు ఖాళీ అవ్వాలి, అంది. తాటాకు చాపలో చుట్టిన పొడుగాటి మూట ఒకటి నా ఎదురుగానే బండెక్కింది. నేను చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నాను.

ధనరాజు గారు బోర్లించిన డ్రమ్ము మీద కూలబడ్డారు. “నన్నూ ఆయనే పంపేరండి. ఎలాగైనా కొనెయ్, తూకం మాట నుంచి మొదలెట్టు, ఎంతకైనా వెళ్ళు అన్నారు. ఇందులో మనిషి పోయేడని నాకు చెప్పలేదు. దేవుడి సాక్షిగా చెప్పలేదు.”

“ఎందుకు?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “దీన్ని గోదాట్లో పడేస్తే సరిపోయేది కదండీ. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకు దాచుకున్నారు?”

సలోమి గారు నీలం గొట్టం మీద అరచెయ్యి ఆనించారు.

“నన్ను ఖరీదు కట్టమని పిలిచేవు కదమ్మా. ఇది దాని ఖరీదు. ఆ రోజు కాజ్‌వే దగ్గర ఏం జరిగిందో, అన్నదమ్ముల మధ్య ఏముందో నాకింకా తెలీదు. కానీ తమ్ముణ్ణి నీళ్ళకి వదిలేసిన చేతులు దీన్ని వదల్లేకపోయేయి. ఇదేమిటో తెలిసిన వాడు ఎవడూ దీన్ని నీళ్ళలో పడెయ్యలేడు. తెలియని వాడైతే ఆ రోజే పడేసేవాడు. మీ ఊళ్ళో దీని సంగతి తెలిసిన వాళ్ళు ఎంతమంది?”

నాన్న. నేను. పండక్కి పండక్కి నాన్న దీన్ని కడుగుతుంటే, అరుగు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా చూస్తుండే పెదనాన్న.

ఆవిడ ఫోన్ తీసి అమలాపురంలో తనకి తెలిసిన పోలీసు అధికారికి చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పారు. బయలుదేరుతున్నామన్నారు వాళ్ళు. పొడి, పురుగు, మసి, అన్నీ పంచె ముక్కలోనే మడతపెట్టి సంచిలో వేసుకున్నారు.

అప్పుడే బయట కారు హారన్ మోగింది.

“ధనరాజు గారూ, సీటు బిగించండి. చక్రం ఎక్కించండి,” అన్నారు సలోమి గారు. ధనరాజు గారు వెంటనే ఆ పని చేశారు. సీటు బోల్టు హడావిడిగా బిగించేశారు. సలోమి గారు నా భుజం పట్టుకున్నారు. “సుస్మితా, విను. పోలీసులు వచ్చేదాకా ఇది మీ నాన్నది కాదు. మీ అమ్మ గుర్తుపట్టినా కాదు. అనగలవా?”

నేను తల ఊపాను.

అమ్మ ముందు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ పేరు సరోజిని. నాన్న పోయాక ఆ పేరు పెట్టి పిలిచే వాళ్ళు లేరు. ఆవిడ చూపు తుడిచిన చోట బయటపడిన ఆ అరచెయ్యంత నీలం మీద పడింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“సుస్మీ, ఇది...”

“కాదమ్మా.” నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “నాన్న సైకిలు గోదాట్లో పోయింది. పెదనాన్న చూసేరు కదా.”

ఆ మాట అంటూ పెదనాన్న మొహంలోకి చూశాను. తెల్ల లాల్చీ, చేతిలో కారు తాళాలు. రోజూ భోజనం దగ్గర ప్రార్థన చేసే మొహమే.

“వందనాలమ్మా,” అన్నారాయన సలోమి గారితో. “ఏమంటారు మరి, కొనదగ్గదేనా?”

“నీళ్ళలో నానిన ఇనుమండి. మీ తమ్ముడు గారిది కూడా కాదంటోంది అమ్మాయి. ధనరాజు గారు తూకానికి అడుగుతున్నారు, ఇంకా బేరం తెగలేదు.”

“పోనీలెండి. లేనిపోని ఆశ.” పెదనాన్న సైకిలు దగ్గరికి నడిచారు. ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒకసారి చూశారు. అలా చూస్తున్నంతసేపూ ఆయన మొహంలో భయం లేదు. బలిపీఠం ముందు నిలబడ్డ మనిషిలా ఉన్నారు. తర్వాత మా వైపు తిరిగారు. “ఇంక ఇంటికి పదండమ్మా. ఎండెక్కుతోంది.”

“నన్ను కూడా దారిలో దింపుతారాండి?” అన్నారు సలోమి గారు.

“వెనక సీటు నిండా ఇంటి సామానుందమ్మా. వీళ్ళిద్దరికే ఇరుకు. ఏమనుకోకండి.”

అమ్మ అప్పటికే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. అమ్మ కూర్చున్న కారు కదలకుండా ఆపే దారేదీ నాకు తోచలేదు. ఆవిణ్ణి ఒక్కదాన్నీ పంపనూ లేను. సలోమి గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నా వైపే చూస్తున్నారు. నేను వెళ్ళి వెనక సీట్లో, పెంకుల బుట్టల పక్కన సర్దుకుని కూర్చున్నాను.

పెదనాన్న వచ్చి నా వైపు తలుపు పట్టుకున్నారు. వెంటనే వెయ్యలేదు. లోపలికి వంగి, అమ్మకి వినపడనంత మెల్లగా, ఎప్పుడూ నన్ను పలకరించే ఆ ముద్దు గొంతుతోనే అడిగారు.

“మీ నాన్న సీటు అంత ఎత్తు పెట్టడు కదమ్మా. ఎవరు విప్పేరు?”